పదకొండు పేర్లు, ఒక్క నంబరు

కాలేజీలో అర్థశాస్త్రం చెప్పడానికి కొత్తగా చేరినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పాఠం ఎలా చెప్పాలో ఇందులో దొరకదు. అది నాకు తెలిసి ఉంటే ముప్పై ఏళ్ళలో ఎవరో ఒకరు ఆ మాట నాతో అనేవారు. మిమ్మల్ని ఇవాళో రేపో ఏదో ఒక ఆన్‌లైన్ కోర్సుకు కోఆర్డినేటర్‌గా వేస్తారు. వేసినరోజు కరచాలనం చేసి అభినందిస్తారు. అక్కడే జాగ్రత్తపడండి. కోఆర్డినేటర్ అన్న మాటలో ఆర్డరు మీ ప్రిన్సిపాలుది, అటూ ఇటూ విరిగిపడ్డ ముక్కలు మీవి.

నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో రాయను. ఆ సంగతులు మా ఇంట్లోనే ఎవరూ వినరు. నేను చేసిన ఒక తప్పు గురించి మాత్రం వివరంగా రాస్తాను, ఎందుకంటే అది మీరు కూడా చేస్తారు.

ఖాళీ బెంచీలు

బళ్ళారిలో గనులు జోరుగా సాగుతున్న కాలం అది. మా కాలేజీ నల్లబల్ల ఏడాదిలో ఎనిమిది నెలలు ఎర్రబల్లే. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ ముగ్గుపిండిలా సన్నని ఎర్రదుమ్ము. సుద్దముక్కతో రాసేకంటే వేలితో రాస్తేనే బాగా కనిపించేది.

డెబ్భైమంది ఉండాల్సిన క్లాసుకు తొమ్మిదిమంది వచ్చేవారు. మిగిలినవాళ్ళు లారీల వెంట ఉండేవారు. కొందరికి సొంత లారీలు, కొందరికి పక్కవాడి లారీ మీద అజమాయిషీ, కొందరికి లోడింగ్ దగ్గర వరుసలో నిలబడే పని. ఒకణ్ణి బస్టాండు దగ్గర పట్టుకుని ఎందుకు రావడంలేదని అడిగాను.

"వస్తే నా లారీ వరస పోతాది సార్," అన్నాడు.

"పాఠం పోవడంలేదా?"

"పాఠం రేపు గూడా అదే చెప్తారు కదా సార్. మట్టి రేపు ఉండదు."

ఒక వస్తువు కోసం వదులుకున్న ఇంకో వస్తువే దాని అసలు ఖరీదు అని నేను రెండు వారాలు తీసుకుని చెప్పే పాఠం అది. వాడు బస్సు కదిలేలోపు చెప్పేశాడు. ఖనిజంలో నిజం ఉందని మా కుర్రాళ్ళు నాకంటే ముందే కనిపెట్టారు.

నూరు శాతం

మా ప్రిన్సిపాలు ధారవాడ వైపు మనిషి. తెలుగు మాట్లాడేవారు గానీ మధ్యమధ్యలో కన్నడం కలిసేది, కోపం వస్తే పూర్తిగా కన్నడమే. ఆయనకు సమస్యలంటే భయం లేదు. ఏ సమస్యనైనా పేరు మార్చి పైకి పంపేవారు. ఒకరోజు నన్ను పిలిచి ఒక కరపత్రం చేతిలో పెట్టారు. దూరాన ఉన్న ఒక విశ్వవిద్యాలయం డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రంలో ప్రాథమిక పాఠాలు ఆన్‌లైన్‌లో చెబుతోంది. ఇరవై వీడియోలు, చివర హుబ్బళ్ళిలో ఒక పరీక్ష.

"ఏన్రీ మేష్ట్రే, పిల్లలు క్లాసుకు రాకపోతే క్లాసే పిల్లల కాడికి పోవల్ల. మన కాలేజీ మొత్తం చేరల్ల. నూరు శాతం."

"చేరితే చూస్తారా సార్?"

"చూసేది ఆమేలె. మొదలు చేరల్ల."

ఆమేలె అంటే తర్వాత. మా కాలేజీలో ముఖ్యమైన పనులన్నీ ఆ ఆమేలెలోనే ఉండేవి.

కరపత్రం వెనకవైపు చిన్న అక్షరాల్లో ఒక సంగతి ఉంది. పరీక్షలో మొదటి తరగతి తెచ్చుకున్నవాళ్ళను ఆ విశ్వవిద్యాలయమే ఎం.ఏ. ఇంటర్వ్యూకు పిలుస్తుంది. సీటు వస్తే ఫీజు లేదు, హాస్టలు ఉచితం. ప్రిన్సిపాలు గారు వెనకవైపు చూడలేదు. నేను చూశాను, కానీ మా కాలేజీకి సంబంధించిన విషయం కాదనుకున్నాను. మా పిల్లల మీద నాకున్న నమ్మకం అంత. నమోదు చేసేవాడే నమ్మకపోతే దాన్ని నమోదు అనకూడదు, నమ్మొద్దు అనాలి.

నా తెలివి

చేర్పించడానికి పేరు, పుట్టినతేది, ఫోన్ నంబరు కావాలి. పేర్లు హాజరుపట్టీలో ఉన్నాయి. మనుషులు అవసరం లేదు. చిక్కల్లా ఫోన్ నంబరు దగ్గర వచ్చింది.

ఈ కాలంవాళ్ళకు తెలియదు గనక చెబుతున్నాను. అప్పట్లో ఇంట్లో ఫోన్ లేనివాళ్ళు దరఖాస్తులో పక్కింటివాళ్ళ నంబరు రాసి దాని పక్కన పి.పి. అని పెట్టేవారు. ఫోన్ వస్తే పక్కింటివాళ్ళు కేకేసి పిలవాలి. అందులో ఎవరికీ నామోషీ లేదు. సెల్‌ఫోన్లు వచ్చాక కూడా మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆ అలవాటు పోలేదు. బళ్ళారిని ఆనుకుని ఉన్న కప్పగల్లు నుంచి మా కాలేజీకి పదకొండుమంది వచ్చేవారు, వచ్చేవారంటే చాలావరకు పేర్లే వచ్చేవి. ఆ పదకొండుమందీ అడ్మిషన్ కాగితంలో ఒకే నంబరు ఇచ్చారు. అది ఎర్రిస్వామిది. నిన్నమొన్నటిదాకా మిరప, పత్తి వేసుకున్న రైతు. అప్పటికి ఆరు లారీల యజమాని. వీధి మొత్తం తన నంబరే ఇస్తుందని ఆయనకు లోపల ఒక గర్వం. ఆయన కొడుకు వినయ్ కూడా ఆ పదకొండుమందిలో ఒకడు.

నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. మొదటి పేరు కొట్టాను, ఎర్రిస్వామి నంబరు కొట్టాను, చేరింది. రెండో పేరు కొట్టి అదే నంబరు వేశాను. తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న వచ్చింది. ఈ నంబరుతో ఇప్పటికే ఒకరున్నారు, వివరాలు మార్చమంటారా అని. ఇంత మర్యాదగా అడిగేవాళ్ళు మా ఆఫీసులో లేరు. అవునని నొక్కాను. మూడో పేరుకు మళ్ళీ అడిగింది, మళ్ళీ అవునన్నాను. అలా పదిసార్లు అడిగింది, పదిసార్లూ అవునన్నాను. హాజరుపట్టీలో వినయ్ పేరు ఆఖరున ఉంది.

మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. నాకు అర్థం కావడానికి ఐదు నెలలు పట్టింది. నేను పదకొండుమందిని చేర్చలేదు. ఒకడిని చేర్చి, తుడిచి, వాడి మీద ఇంకొకడిని రాసి, చివరకు వినయ్ ఒక్కడిని మిగిల్చాను. అర్థశాస్త్రంలో అర్థం నా భాగానికి రాలేదు, శాస్త్రానికి మాత్రం చేసేశాను.

ప్రిన్సిపాలు గారు నూరు శాతం అని పైకి రాసి పంపారు. మేనేజ్‌మెంటువాళ్ళు వచ్చి నాకు శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పటికీ ఉంది. చలిని ఆపదు.

చూసిన ఒక్క మనిషి

పాఠాలు చూడటానికి పన్నెండు కంప్యూటర్ల గది తెరిచిపెట్టాం. నెలరోజులు ఎవరూ రాలేదు. తర్వాత ఒక అమ్మాయి రావడం మొదలుపెట్టింది. పేరు సుంకమ్మ, బి.ఏ. చివరి ఏడు, కప్పగల్లు. వాళ్ళమ్మ మిరప చేలల్లో కూలి. పేరులోనే సుంకం ఉందని మొదటి ఏడు క్లాసులో నేనొక జోకు వేశాను. ఆ జోకుకు ఆమె నవ్వలేదు. మిగిలినవాళ్ళు నవ్వారు, అందుకే నాకు అప్పుడు తెలియలేదు.

లోపలికి వెళ్ళడానికి ఎర్రిస్వామి నంబరు కొట్టాలి. తెర పైన ఆ నంబరే కనిపించేది, పేరు కనిపించేది కాదు. అందువల్ల తాను చూస్తున్నది వినయ్ పేరు మీద అని ఆమెకు తెలిసే దారి లేదు. వీడియో రెండు నిమిషాలు నడిచేది, నాలుగు నిమిషాలు ఆగేది. ఆగినప్పుడు నోట్సు రాసుకునేది. మూడేళ్ళు నా పాఠాలు విన్న అమ్మాయికి మళ్ళీ ప్రాథమిక పాఠాలు ఎందుకు అవసరమయ్యాయో నేను ఎవరినీ అడగలేదు.

ఒకరోజు తలుపు దగ్గర నన్ను ఆపింది.

"సార్, ఈ వీడియోల టీ ధర పెరిగితే కాఫీ తాగుతారు అంటాండాడు. ఇవన్నీ తాగేవాళ్ళ లెక్కలే. లారీ పోతే లాభం లారీ ఆయనది, దుమ్ము మాత్రం చేనులో మిరపకాయ మీద పడతాది. ఆ కాయకు యార్డులో రేటు తగ్గిస్తారు. తగ్గేది రైతుకు. మా అమ్మకు కూలి గూడా తగ్గిస్తారు. ఇది ఎవురి లెక్కలోకి వస్తాది సార్?"

"అది ముందుముందు పాఠాల్లో వస్తుందమ్మా," అన్నాను.

"పద్నాలుగోదాంట్ల వచ్చె సార్. అయినా అర్థం కాలే, అందుకే అడుగుతాండా."

నేను మూడో వీడియో దాటలేదు. ఆ రోజు ఇంటికెళ్ళి కాదు, అక్కడే, ఆమె పక్క కుర్చీలో కూర్చుని పద్నాలుగోది చూశాను. ఇద్దరం కలిసి ఒక మధ్యాహ్నమంతా దాని మీద కొట్టుకున్నాం. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను పని చేశానని ఖచ్చితంగా చెప్పగల మధ్యాహ్నాలు ఓ పదిహేను ఉంటాయి. అందులో అదొకటి.

హాల్ టికెట్

పరీక్షకు పది రోజులుందనగా హాల్ టికెట్లు అచ్చువేశాం. సుంకమ్మ ఎర్రిస్వామి నంబరుతో వచ్చిన కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఇది నా పేరు కాదు సార్."

వినయ్ పేరు ఉంది. అప్పుడు నా పది అవునులూ ఒక్కసారిగా నా ముందుకు వచ్చి నిలబడ్డాయి. విషయం ఆమెకు చెప్పాను. చెప్పి, నా ఉద్యోగ జీవితంలో అతి నీచమైన మాట ఒకటి అన్నాను.

"పోనీలేమ్మా, వచ్చే ఏడు సరిగ్గా చేర్పిస్తాను."

ఆమె ఏడవలేదు. గొంతు కూడా పెంచలేదు.

"ఈ ఏడుతో నా డిగ్రీ అయిపోతాది సార్. జీన్స్ ఉతికే యూనిట్ల గుండీలు కొట్టే పనికి రమ్మని మా అమ్మకు చెప్పిపోయినారు. ఈ పరీక్ష రాస్తే ఎం.ఏ.కి పిలుస్తారు, అంతవరకు ఆగుమని నేనే ఆపినా. వచ్చే ఏడు మీరు నన్ను యాడ చేర్పిస్తారు సార్, యూనిట్లోనా?"

కరపత్రం వెనకవైపు చదివిన మనిషి నేనొక్కణ్ణే కాదని అప్పుడు తెలిసింది.

ఆ విశ్వవిద్యాలయం ఆఫీసుకు ఫోన్ చేశాను. ఒకావిడ ఎత్తింది. చాలా స్పష్టమైన మనిషి. "తప్పు యంత్రానిదైతే కమిటీ కూర్చోవాలి, వచ్చే విడత దాకా ఆగాలి. తప్పు కోఆర్డినేటర్‌దైతే ఆయన రాసి సంతకం పెట్టి పంపితే చాలు, సాయంత్రానికి మార్చేస్తాం. యంత్రానిదా, మీదా?" అంది. నన్నెవరూ అంత సూటిగా ఆ ప్రశ్న అడగలేదు.

ప్రిన్సిపాలు గారి దగ్గరకు వెళ్ళాను. ఆయనకు అన్నిటికీ ఒకటే మందు.

"టెక్నికల్ ప్రాబ్లమ్ అని బరీరి. రాసిపంపండి."

"అలా రాస్తే అమ్మాయికి పరీక్ష ఉండదు సార్. నా తప్పని రాయాలి. పదిమంది చేరలేదని కూడా రాయాలి."

"మరి నూరు శాతం?"

"అది లేదు సార్."

"ఏన్రీ, ఒక హుడిగి కోసం కాలేజీ మర్యాద తీస్తారా?"

హుడిగి అంటే అమ్మాయి. కాలేజీ మర్యాద అంటే ఏమిటో మాత్రం ముప్పై ఏళ్ళలో నాకు ఏ భాషలోనూ తెలియలేదు. అలాంటి ఉత్తరం మీద కాలేజీ ముద్ర వేయనన్నారు. బయటికొచ్చి వరండాలోనే కాగితం తీశాను. ధైర్యవంతుడినని చెప్పుకోవడానికి లేదు. నిజానికి సాంకేతిక లోపం అని ఒక ఉత్తరం రాశాను కూడా. చదువుకుంటే ఎంత బాగుందో! అందులో తప్పు చేసినవాడు ఎవరూ లేడు. ఆ యంత్రం పాపం పదిసార్లు అడిగింది. నా ముప్పై ఏళ్ళలో నన్ను అన్నిసార్లు అడిగినవాళ్ళే లేరు. ఆ ఉత్తరం చింపి రెండోది రాశాను. నాలుగే వాక్యాలు. ఫలానా రోజు ఫలానా గదిలో పదిమంది పేర్లు నేను తుడిచేశాను, అందులో ఒకరు పాఠాలన్నీ చూశారు, నేను చూడలేదు. ముద్ర లేకుండా, నా సంతకంతో ఫ్యాక్స్ చేశాను.

లారీల దగ్గర

ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు. ఒక మెలిక మిగిలింది. పేరు మార్చాలంటే ఆ నంబరుకు మెసేజిలో అంకెలు వస్తాయి, అవి ఆఫీసుకు చెప్పాలి. నంబరు ఎర్రిస్వామిది. నేనూ సుంకమ్మా కప్పగల్లులో ఆయన లారీలు ఆపే స్థలానికి వెళ్ళాం. ఎర్రిస్వామి మంచం మీద కూర్చుని ఉన్నాడు, పక్కన వినయ్ టైర్లు చూస్తున్నాడు.

"రాండి సార్, కూచోండి. టీ తాగుతారా, కాఫీనా?"

పాఠంలోంచి ఊడిపడినట్టు అడిగాడు. నేను కథంతా చెప్పాను. ఆయన గెడ్డం గోక్కున్నాడు.

"అంటే మావాని పేరు అచ్చయింది అంటారు."

"అచ్చయింది. మార్చాలి."

"ఎందుకు మార్చేది? సుంకి బాగా చదివింది అంటాండారు. రాసేది ఆ పాప రాస్తాది, పేరు మావోనిది ఉంటాది. సంబంధాలు చూస్తాండాం సార్. చూపిచ్చేకి ఒక సర్టిఫికెట్ ఉంటే ఏం పోతాది?"

"మోసం అవుతుంది ఎర్రిస్వామీ."

"మోసం ఏంది సార్? వాళ్ళమ్మ మా చేన్లోనే పనిచేసె. మా నంబరే వాడుకునిరి ఇన్నాళ్ళు. నేనేమన్నా అంటినా?"

అప్పుడు సుంకమ్మ మాట్లాడింది.

"నిజమే అప్పా, నంబరు మీదే. పేరు గూడా వినయన్నదే ఉండనీలే. హాల్ టికెట్ల ఫోటో అంటిస్తారు, ఆడ మొగం చూసి లోపలికి ఇడస్తారు. నా మొగానికి మీసం లేదు కదా. అందుకే వినయన్ననే పోవల్ల. ఆదివారం పొద్దున రైలుకు హుబ్బళ్ళి. మూడు గంటలు కూచోని రాయల్ల. రాకపోతే కాలేజీకి రాసి పంపిస్తారంట, ఎందుకు రాలేదని."

వినయ్ చేతిలోని పానా కింద పడింది.

"మూడు గంటలా? ఏ సబ్జెక్టు?"

"ఎకనామిక్స్."

"నేనెప్పుడు చేర్తి సార్ దానికి?" అని నా వైపు తిరిగాడు.

"నేనే చేర్చానయ్యా," అన్నాను.

"నన్ను అడగకుండా ఎట్ల చేరుస్తారు సార్?"

ఐదు నెలల్లో ఆ ప్రశ్న వేసిన మొదటి విద్యార్థి వాడే. వాడి పేరు సార్థకమైంది, వినయంగానే వేశాడు. వాళ్ళ నాయన నోరు తెరిచేలోపు మంచం మీది ఫోన్ అందుకున్నాడు.

"నువ్వు ఊరకుండప్పా. నేను పోను హుబ్బళ్ళికి. చెప్పండి సార్, యా మెసేజి?"

అంకెలు ఒక్కొక్కటే గట్టిగా చదివాడు. నేను ఆ ఆఫీసావిడకు నా ఫోన్‌లో ఒక్కొక్కటే చెప్పాను. అయిపోయిందంది. ఎర్రిస్వామి టీ తెమ్మని కేకేశాడు. అందరికీ చెప్పాడు, సుంకమ్మకూ చెప్పాడు.

మిగిలిన తొమ్మిదిమంది

వినయ్ గొడవ తీరింది, సుంకమ్మ చేరింది. మిగిలిన తొమ్మిదిమందికి విషయం చెప్పడం నా బాధ్యత అనుకుని ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ వెళ్ళాను. మీ పేరు నా తప్పువల్ల పోయింది, క్షమించమని చెప్పాను. తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది యా కోర్సు సార్ అన్నారు. తొమ్మిదోవాడు మంచివాడు, "పోనీలే సార్, మీరేం బాధపడాకండి," అని నా భుజం తట్టాడు.

మీరు ఇది గుర్తుపెట్టుకోండి. చేర్పించడం కష్టం కాదు. ఆ లెక్క మీ పైవాళ్ళకు కావాలి, వాళ్ళు ఊరికే ఉండనివ్వరు. పేరు తుడిచేస్తే వచ్చి అడిగేవాళ్ళు ఎంతమందో చూసుకోండి. నాకు ఒక్కరు. చాలామందికి ఆ ఒక్కరు కూడా ఉండరు, శాలువాలు మాత్రం ఉంటాయి.

కరపత్రం

సుంకమ్మ పరీక్ష రాసింది. మొదటి తరగతి వచ్చింది. ఇంటర్వ్యూకు పిలిచారు, సీటు ఇచ్చారు. నన్ను కోఆర్డినేటర్ పనినుంచి తప్పించారు. దానికి ఎవరూ అభినందించలేదు గానీ, ఆ అభినందన నాకు చెల్లేది.

ఆమె బయలుదేరే వారంలో ప్రిన్సిపాలు గారు మళ్ళీ పిలిచారు. ముఖం వెలిగిపోతోంది. వచ్చే ఏడు చేరికల కోసం కాలేజీ కరపత్రం వేస్తున్నారు. మా ఆన్‌లైన్ కోర్సుతో విశ్వవిద్యాలయంలో సీటు అని పైన పెద్ద అక్షరాలు, కింద సుంకమ్మ ఫోటో, పేరు. ఆమె ఒప్పుకున్నట్టు ఒక కాగితం మీద సంతకం కావాలి. అది తేవడానికి నన్నే పంపారు.

సుంకమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది. వాళ్ళమ్మ పక్కనే పెట్టెకు తాడు కడుతోంది.

"ఇందుల నేను చదివింది అంతా కాలేజీనే చదివిచ్చినట్ల ఉండాది సార్."

"అవునమ్మా."

"మీరేమంటారు?"

"నేనేమీ అనను. నాకు ఆ హక్కు లేదు."

ఆమె కాగితాన్ని మడతపెట్టి నా చేతికిచ్చింది.

"పేరు రాసుకునేటప్పుడు నన్నెవురూ అడగలేదు సార్. ఇప్పుడు అడిగినారు. అడిగినారు కాబట్టి చెప్తాండా, వద్దు."

వాళ్ళమ్మ తాడు బిగించి లేచి, "సార్‌కు మజ్జిగ ఇయ్యే," అంది. తాగి, కాలేజీకి వెనక్కి వచ్చాను. ప్రిన్సిపాలు గారు గుమ్మంలోనే ఎదురయ్యారు. చెయ్యి చాపి, "ఏనంతాళె?" అన్నారు, ఏమంది అని.

సంతకం లేని కాగితం ఆ చేతిలో పెట్టాను.

"ఈసారి చేరనంటాండాది సార్."